ఆ పేజీలో సున్నాలు

ఆ వెయిటింగ్ రూమ్ అగ్గిపెట్టె కన్నా రెండంగుళాలు పెద్దది. కొత్త వైరస్ అప్పుడప్పుడే బయటపడిన రోజులవి. నాలుగు రోజులుగా తాండూరులో నాతో తిరిగిన దోస్తు రైల్లో జ్వరంతో కూలబడితే ఆయన్ని ఆస్పత్రికి పంపి, మా బోగీ వాళ్లందరినీ వికారాబాద్‌లో దింపి ఆ గదిలో పెట్టి గొళ్లెం వేశారు.

మాలో ఒకావిడ, రోగం ఎట్లా పాకుతుందో లెక్కగట్టే సైంటిస్టు. నోట్‌బుక్కులో నాకోసం కొత్త పేజీ తిప్పి, నా పేరుతో ఒక సున్నా గీసి అడిగింది.

"ఈ నాలుగొద్దులు ఎవరెవర్ని కలిసిండ్రన్నా?"

"తాండూరు మొత్తం, మేడం. నేను చెయ్యి కలపని మనిషి ఆడ పుట్టలే."

ఆమె నవ్వలేదు. "పేర్లు చెప్పుండ్రి. చెప్పినోళ్లందర్నీ రెండు వారాలు ఇండ్లల్లనే ఉంచుతరు."

నా తాండూరు క్షణంలో కరిగి, ఛాయ్ దుకాణం ఖాజా భాయ్, మంగలి రాములు మిగిలారు.

"గింతేనా?" ఆ ఇద్దరికీ రెండు సున్నాలు గీస్తూ అడిగింది.

"గింతే."

తాండూరులో మా ఇంట్లో నేనూ నా బిడ్డా ఇద్దరమే. ఏడాదంతా చదివిన పరీక్ష దానికి ఎల్లుండే.

 ఆమె నా సున్నా పక్కనే ఇంకోటి గీసి, తన పేరు రాసి, రెంటినీ గీతతో కలిపింది.

"మీ ఎదురు సీట్లనే కూసున్న గదా. ఇంట్ల ఏడాది పిల్ల ఉంది. రెండు వారాలు ఎత్తుకోను."

పెన్ను నేనే అడిగి తీసుకున్నాను. సున్నా వంకరగా వచ్చింది. అందులో నా బిడ్డ పేరు రాశాను.

ఈ కథ చెప్పినప్పుడల్లా నా నోట్లో ఆ గది ఇంకో అంగుళం తగ్గుతుంది. ఆ పేజీలో సున్నాలు మాత్రం నాతో కలిపి ఐదే.