నా క్లిప్పులు, నాయన పాట

కిందటి వారం నా పళ్ల క్లిప్పులు తీసిన రోజు నంద్యాల ఆసుపత్రి గదిలో ఉన్నవి, ఉన్నవాళ్లు: వెనక్కి వాలే కుర్చీ, అందులో నేను, నా ముఖం మీదికి వంచిన దీపం, డాక్టరమ్మ, ఆమెకు పరికరాలు అందించే అమ్మాయి, స్టీలు పళ్లెంలో రెండు రకాల పట్టకార్లు, గోడవార ప్లాస్టిక్ కుర్చీలో, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, మా నాయన. ఒక్కో క్లిప్పు ఊడినప్పుడు చెనిక్కాయ ఒలిచినట్టు టప్పుమని చప్పుడైంది. పళ్ల మీద మిగిలిన జిగురును చిన్న యంత్రంతో అరగదీశారు. నాలుకతో తడిమితే పళ్లు నావి కానట్టు నున్నగా తగిలాయి. అమ్మాయి అద్దం చేతికిచ్చింది. అది కాస్త వాలడంతో ముందు నాయన కనబడ్డాడు. నా నోటినే చూస్తూ, తనకు తెలియకుండానే, ఆయన కూడా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. తెరవగలిగినంత.

మాది ఆళ్లగడ్డ. ఇంజనీరింగు చదివి నంద్యాలలో విత్తనాలు శుద్ధి చేసే ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకుంటున్నాను. శిరివెళ్ల మీదుగా రోజూ బస్సులో పోయి రావడం. నా కింది పళ్లు చిన్నప్పటి నుంచీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి. అన్నం తింటూ బుగ్గ కొరుక్కునేవాణ్ణి, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. ఉద్యోగం కుదురుకున్నాక క్లిప్పులు వేయించుకుంటానని ఇంట్లో చెప్పాను. బడి పిల్లలు వేసుకునేవి మీసాలొచ్చినవాడికి ఎందుకని అమ్మ సందేహపడింది. నాయన మాత్రం నవ్వాడు. "సంతలో ఎద్దుకు సూస్తారురా పళ్లు. మనిషికి గాదు. పిల్లనిచ్చేవాళ్లు నీ నోరు తెరిపిస్తారా ఏంది?" అన్నాడు. అన్నాడే గానీ మొదటి రోజు నాతోపాటు బస్సెక్కాడు. ట్రాక్టరుకు బేరింగులు కొనే పని ఉందన్నాడు. ఆ పని ఆళ్లగడ్డలోనూ అవుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నాయన బాడుగకు ట్రాక్టరు తోలేవాడు. వానలు పడి అందరికీ ఒకేసారి దుక్కులు కావలసి వచ్చినప్పుడు రాత్రి కూడా తోలాలి. నిద్ర రాకుండా వక్కపొడి నమిలేవాడు. తర్వాత పగలు కూడా నమిలేవాడు. మా ఊళ్లో దాన్ని ఎవరూ చెడు అలవాటు కింద లెక్కవేయరు. బీడీ లేదు, సారా లేదు, వక్కొక్కటే అని అమ్మే గొప్పగా చెప్పుకునేది. ఆయనకు మంచి పేరున్నది మాత్రం చర్చిలో, పాటకు. ఆదివారం ఆరాధనలో కీర్తన మొదలుపెట్టడాన్ని మావాళ్లు పాట ఎత్తడం అంటారు. ఎత్తేవాడు పల్లవి అందుకుంటే హార్మోనియం దాన్ని వెతుక్కుంటూ వస్తుంది, తర్వాత మగవాళ్లు, ఆడవాళ్లు కలుస్తారు. నాయన ఎత్తితే బయట చెప్పుల దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్లు కూడా మాట ఆపి లోపలికి వచ్చేవాళ్లు. ట్రాక్టరు చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గొంతు పెరిగిందని అమ్మ అభిప్రాయం.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పాస్టరు అయ్యగారి మీదో పెద్దల మీదో అలిగిన మనిషి చర్చికి రావడం మానడు, చందా ఇవ్వడం మానడు. పాట మానతాడు. తన చోట తను కూర్చుని, పుస్తకం తెరిచిపెట్టుకుని, నోరు మూసుకుంటాడు. అది చూసి పెద్దలు ఇంటికొచ్చి బుజ్జగించాలి. నా క్లిప్పులకు రెండేళ్ల ముందు నాయన పాట ఎత్తడం తగ్గించాడు, తర్వాత పూర్తిగా మానేశాడు. అందరూ అనుకున్నదే మేమూ అనుకున్నాం. సంఘపెద్ద, అమ్మకు వరసకు అన్న, నాకు మామ, ఇద్దరిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏం బావా, మా మీద ఏం కోపం? కమిటీలో పేరు రాయలేదనా?"

"కోపమేం లేదు."

"మరి పాట ఎత్తవే?"

"ఎత్తబుద్ధి గాలేదు."

"అదే గదా కోపమంటే!"

టీ తాగి పోయారు. మరుసటి నెల కమిటీలో నాయన పేరు రాశారు. అయినా ఆయన పాట ఎత్తలేదు. దాంతో కోపం చాలా పెద్దదని ఊరు తీర్మానించింది. నిజానికి ఆయనకూ కారణం తెలియదు. చరణం మధ్యలో దవడలు పట్టేసినట్టు అయ్యేవి, వయసనుకున్నాడు. ఇంట్లో ఇంకో తగాదా నడిచేది. ఆయన కారంగా నూరే ఊరుబిండి పచ్చడి ముట్టుకోవడం మానేశాడు. ఏ కూరకైనా ముద్దముద్దకూ మజ్జిగ పోసుకునేవాడు. "ఇన్నేండ్లు తిని ఇప్పుడు నా చేతి వంట మంటైందంట" అని అమ్మ గిన్నెలు గట్టిగా దించేది. మంట అనే మాట ఆయన నిజంగానే అన్నాడు. మేమెవరమూ చెవిన పెట్టలేదు.

నంద్యాలలో ఆ మొదటి రోజు డాక్టరమ్మ నా పళ్ల అచ్చు తీసుకుంది, ఎక్స్‌రే చూసింది. పక్కన నిలబడిన నాయనతో, "తండ్రి పళ్ల వరస ఎట్లుందో కూడా చూస్తాను, ఒకసారి కూర్చోండి సార్" అంది. "నాకేం పెండ్లా అమ్మా? వానికి సూడు" అంటూనే కూర్చున్నాడు. నోరు తెరవమంది. తెరిచాడు. ఇంకా అంది. "ఇంతే తల్లీ తెరిచేది" అన్నాడు. ఆమె చేతిలో అద్దం పుల్ల ఆగిపోయింది. మూడు వేళ్లు నిలువుగా చేర్చి నోట్లో పెట్టుకోమంది. రెండు కూడా కష్టంగా దూరాయి. దీపం దగ్గరికి లాక్కుని బుగ్గల లోపల చూసింది, వేలితో నొక్కింది. లోపలి కండ తెల్లబారి, తాడులాగా గట్టిపడి ఉందట. వక్క నమిలేవాళ్లకు వస్తుందని, కొందరిలో అది క్యాన్సరు దాకా పోతుందని, ఒకచోట మచ్చ ఉంది కాబట్టి ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పింది. చిన్న స్కేలుతో పైపంటికీ కిందిపంటికీ మధ్య దూరం కొలిచి, రాసుకుంటూ పైకి చదివింది: పంతొమ్మిది మిల్లీమీటర్లు. మామూలుగా నలభై దాకా ఉండాలట. నా పని అంతా కొలతలే. యంత్రంలో ఇంతకన్నా చిన్న తేడాలకు నేను మనుషుల మీద కేకలేస్తాను. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తిన్న మనిషి నోరు ఇంతకు వచ్చేదాకా నా కంటికి ఆనలేదు.

"వక్కపొడికే అంత అయితుందా తల్లీ? పెండ్లిండ్లల్ల తాంబూలంలో పెట్టిస్తారు గదా" అని నాయన అడిగాడు. ఆమె తలూపింది. ఆయన చొక్కా జేబులోని పొట్లం తీసి, ఎక్కడ పారేయాలో తెలియక, పరికరాలు అందించే అమ్మాయి చేతిలో పెట్టాడు.

ముక్క తీశారు. ఫలితం రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఆ మధ్యలోనే నాకు క్లిప్పులు వేశారు. వద్దు, తర్వాత చూద్దామన్నాను. "నువ్వు మానుకుంటే నాకు తగ్గుతుందా? పోయి యేయించుకో" అన్నాడు నాయన. ఆ పది రోజులు మా ఇంట్లో ఎవరూ ఆ జబ్బు పేరు ఎత్తలేదు. అమ్మ కారం డబ్బాను అలమర పైఅరకు ఎక్కించింది, అంతే. క్లిప్పుల తీగ నా బుగ్గ లోపల గీరి పుండ్లు పడ్డాయి. జొన్నరొట్టె, మురుకులు, చెనిక్కాయలు మానమన్నారు. నాయనకూ నాకూ ఒకే వంట: మెత్తటి సంగటి, కారం లేని పప్పు, మజ్జిగ. ఎదురెదురుగా కూర్చుని నమలకుండా మింగేవాళ్లం.

ఫలితం రాబోయే ముందు రోజు సంఘంవాళ్లు ప్రార్థనకు వచ్చారు. వాళ్లలో మేనత్త ప్రార్థన పెద్దది, గొంతు ఇంకా పెద్దది. "ప్రభువా, మా అన్న నోరు తెరువు తండ్రీ. ఆ బిడ్డ నోట్లో పడిన ఇనుప సంకెళ్లు తెంపు తండ్రీ" అంది. అందరూ ఆమేన్ అన్నారు. "అత్తా, ఇవి నేనే దుడ్లిచ్చి యేయించుకున్నా" అని గొణిగాను. కళ్లు తెరవకుండానే "నోరు మూసుకోరా, ప్రార్థనలో ఉండా" అంది. నాయన భుజాలు కదిలాయి. ఆ పది రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి. మామ మాత్రం నవ్వలేదు. పోయేటప్పుడు గడప దగ్గర నాయన చెయ్యి పట్టుకుని, "కోపమనుకుంటిమి గదా బావా" అన్నాడు.

మరునాడు డాక్టరమ్మ కాగితం చదివి, ఇప్పటికి క్యాన్సరు లేదంది. ఇప్పటికి అనే మాటను నాయన ఆమెతో రెండోసారి చెప్పించుకున్నాడు. మళ్లీ వక్క ముట్టకూడదు, వారం వారం బుగ్గలకు సూదులు, తర్వాత జీవితాంతం పరీక్షలు. పోయిన మెత్తదనం పూర్తిగా తిరిగి రాదని కూడా చెప్పింది. ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్క పుల్లలు కట్టగా ఇచ్చి, పళ్ల మధ్య పేర్చి పెట్టుకోమని, పట్టే కొద్దీ ఒక్కొక్కటి పెంచమని చూపించింది. ఆ ఆదివారం చర్చి బయట మామ అందరికీ మూడు వేళ్ల పరీక్ష నేర్పాడు. మగవాళ్లంతా చెట్టు నీడలో వరసగా నిలబడి వేళ్లు నోట్లో పెట్టుకున్నారు. వక్క నమిలే ఇద్దరు చేతులు జేబుల్లోకి తోసుకుని పక్కకు పోయారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. తర్వాతి వారం వాళ్లే నాయనను ఒంటరిగా కలిసి ఆసుపత్రి యాడుందని అడిగారు.

పొట్లం మానిన మొదటి నెల ఇంట్లో అందరం ఆయన దారికి అడ్డం రాకుండా తిరిగాం. ఏదో వెతుకుతున్నట్టు చెయ్యి జేబులోకి పోయేది, ఖాళీగా వచ్చేది, ఎదురుగా ఉన్నవాళ్లకు తిట్లు పడేవి. పొద్దున మాత్రం తప్పేవాడు కాదు. పెరట్లో అద్దం తగిలించి, నేను తీగల సందుల్లో చిన్న బ్రష్షుతో తోముకుంటుంటే ఆయన పక్కనే పుల్లలు కరిచి నిలబడేవాడు. ఇద్దరికీ మాట్లాడటానికి నోరు ఉండేది కాదు. కళ్ల వెంట నీళ్లు కారేవి. పుల్ల తీశాక, "ఎంతుందో సూడు" అనేవాడు. నేను స్కేలు పెట్టేవాణ్ణి. చాలా వారాలు గీత కదలలేదు. కదలలేదనే చెప్పాను. ఒకసారి అమ్మ పక్కకు పిలిచి, "ఒకటి ఎక్కువ జెప్తే ఏం పోతుందిరా" అంది. చెప్పలేదు. దొంగ కొలత ఒకసారి చెబితే తర్వాత నిజంగా కదిలినప్పుడు ఆయన నమ్మడు.

నెలకోసారి నా తీగ బిగించేవాళ్లు, పళ్లు దారికి వచ్చేవి. ఆ వారం ఆయన సూదులు కూడా ఆ రోజే వేసేవాళ్లు. తిరుగు బస్సులో ఇద్దరం దవడలు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఈ ఈస్టరుకు ముందు ఒక ఆదివారం, ఎవరూ అడగకుండా, నాయన పాట ఎత్తాడు. పల్లవి వరకే. గొంతు పాతదే, మాటలు నోట్లో సగం నలిగి వచ్చాయి. రెండో వరసకు ఆగిపోయాడు. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ అందుకుంది.

నా పళ్లు చక్కబడటానికి ఏడాదిన్నర చాలింది. ఆయన నోరు మూసుకుపోవడానికి పట్టిన ఇరవై ఏళ్లూ మేమంతా ఆ ఇంట్లోనే ఉన్నాం. కాలం పళ్ల మీద చేసే పని అద్దంలో కనబడుతుంది, బుగ్గల లోపల చేసేది ఎవరైనా నోరు తెరవమని అడిగితే తప్ప కనబడదు. నిన్న పొద్దున మళ్లీ కొలిచాను. ఇరవై ఆరు మిల్లీమీటర్లు.