నూనె కలపని పెట్రోలు

నా చిన్నప్పుడు, ఒక ఆదివారం ఉదయం ఏడూ ఐదుకి, మా నాయన మా అత్త బండిలో పెట్రోలు పోశాడు. ఆ వేళ గుర్తుండడానికి కారణం రేడియో. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన తమిళ ఊరు మాది. ముదలియార్‌పేటలో మా వీధి మొత్తానికి తెలుగు వార్తలు వినే ఇల్లు మాదొక్కటే. వార్తలు వస్తున్నంతసేపూ మా నాయన కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఆ రోజు మాత్రం వార్తలు మొదలవుతూండగానే లేచి, పెట్రోలు డబ్బా పట్టుకుని వాకిట్లోకి వెళ్ళాడు. చెల్లెలికి సాయం చేస్తున్నాననుకున్నాడు.

మా అత్త అంటే మా నాయన చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేది. పొద్దున ఆసుపత్రిలో నర్సు పని. మధ్యాహ్నం డ్యూటీ దిగాక, మంచం దిగలేని ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పుండ్లు కడిగి కట్లు కట్టేది. అందుకోసం ఎవరో వాడి వదిలేసిన చిన్న మోటారు సైకిలు ఒకటి కొనుక్కుంది. అది టూ స్ట్రోక్ బండి. అలాంటి ఇంజన్లో పిస్టన్ ఆడే చోటికి వేరే నూనె అందదు. పెట్రోలులోనే కొంచెం ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిల్ కాలి, బండి కదిలినప్పుడల్లా నీలంగా పొగ వస్తుంది. ఆ పొగ జిడ్డుగా ఉంటుంది, గోడకు పడుతుంది, ఆరేసిన బట్టలకు పడుతుంది.

మా నాయన తెల్ల పంచెల వ్యాపారి. శుభ్రం ఆయనకు వృత్తి, ఇంచుమించు మతం. బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ స్నానం చేసేవాడు. కుళాయి విప్పే ముందు కుళాయిని కడిగేవాడు. ఎవరింట్లోనూ మంచినీళ్ళు తాగేవాడు కాదు. చెల్లెలు పుండ్లు కడిగి వచ్చిన చేతులతో అన్నం తింటుందని ఆయనకు అసహ్యం. ఆమె బండి పొగ ఇంకా అసహ్యం. మా ఇంట్లో అసహ్యపడడాన్ని ఒక మర్యాదలాగా నేర్పారు. ముక్కు మూసుకోవడం నేను అక్షరాల కంటే ముందే నేర్చుకున్నాను.

అందుకని ఆయన ఆ ఆదివారం నూనె కలపని పెట్రోలు పోశాడు. కలపాలని తెలియక కాదు. ఆ జిడ్డు వల్లనే కదా పొగ, అది లేకపోతే బండి ఇంకా బాగుంటుందని లెక్కవేసుకున్నాడు. అత్త అప్పుడు నిద్రలో ఉంది. లేచాక, మీ అన్న పెట్రోలు పోశాడని మా అమ్మ చెప్పింది. బంకులో కలిపించే తెచ్చి ఉంటాడని అత్త అనుకుంది. సోమవారం మధ్యాహ్నం బండి దాదాపు పొగ లేకుండా కదిలింది. మా నాయన అరుగు మీద నిలబడి తృప్తిగా చూశాడు.

లాస్‌పేట దారిలో ఇంజన్ కీచుమని అరిచి బిగుసుకుపోయింది. వెనక చక్రం ఉన్నచోటే ఆగిపోయింది. అత్త పడింది. ఆ రోజుల్లో లాస్‌పేట ఊరికి బయట. ఎర్రమట్టి, జీడితోటలు, ఎప్పుడో వచ్చే బస్సు. మోచెయ్యి గీరుకుపోయి, ఆమె ఆ బండిని కోసపాళయం దాకా తోసుకుంటూ వచ్చింది.

కోసపాళయంలో మెకానిక్ కూడా మాలాగే తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మర్నాడు అత్త నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి ఇంజన్ విప్పేసి ఉన్నాడు. సిలిండర్ లోపలి గోడ మీద గోళ్ళతో రక్కినట్టు గీతలు. పిస్టన్ పక్కలు కరిగి పూసుకుపోయాయి.

“ఏందక్కా ఇది? ఆయిల్ పొయ్యేది మానేసినావా?” అన్నాడు.

“పెట్రోలు మా అన్న పోసినాడు.”

“అన్నకి కోపం బండి మీదా, నీ మీదా?”

అత్త నవ్వలేదు. ఇంటికి వచ్చి మా నాయనను అడిగింది. ఆయన దాచలేదు. “ఆ కంపు పీల్చలేక పోసినా. శుద్ధమైన పెట్రోలుకి చెడిపోయే బండి ఏం బండిమ్మా?” అన్నాడు. తర్వాత, ఆడవాళ్ళకు బండి ఎందుకని కూడా అన్నాడు. అత్త, “ఆ కంపు లేకుంటే అది నడవదు అన్నా,” అని లోపలికి వెళ్ళిపోయింది.

సిలిండర్‌ను లోపల కొంచెం పెద్దదయ్యేలా తొలిపించాలి, దానికి సరిపోయే పిస్టన్ మద్రాసు నుంచి రావాలి. ఈలోగా దగ్గరి ఇళ్ళకు అత్త నడిచి వెళ్ళింది. లాస్‌పేటలో ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్ళడం కుదరలేదు. రిక్షాలో అంత దూరం పోయి వస్తే మిగతావాళ్ళకు పొద్దు మిగలదు. ఆయన ఫ్రెంచి పట్టాళంలో పనిచేసి పింఛను తీసుకునేవాడు. ఫ్రెంచిలో సొల్దా అంటే సిపాయి, అందరూ సొల్దా తాత అనేవాళ్ళు. చక్కెర జబ్బు, పాదానికి పుండు. రోజూ ఉప్పునీళ్ళతో కడిగి గుడ్డ మార్చమని అత్త ఆయన ఇంటికి కబురు పంపింది. పాదం దక్కుతుందో లేదో అన్న స్థితి అని కూడా చెప్పి పంపింది.

పిస్టన్ వచ్చింది ఆయుధ పూజ నాటి పొద్దున. అత్త దాన్ని తీసుకుని వెళితే, సిలిండర్ తొలిచి సిద్ధంగానే ఉంది, కానీ మెకానిక్ అప్పటికే తన సామానంతా కడిగి, అరిటాకు మీద పేర్చి, చందనం కుంకుమ పెట్టేశాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు మళ్ళీ పూజ చేసి ఎత్తేదాకా ఎవరూ ముట్టరు. ఊరంతా అంతే. అత్త బతిమాలలేదు, పిస్టన్ అక్కడే పెట్టింది. తిరిగి వచ్చేసరికి లాస్‌పేట నుంచి మనిషి వచ్చి మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. తాత గదిలో వాసన వస్తోందట, ఇంట్లో ఉండలేకపోతున్నారట. కబురు అదీ. తాత ఎలా ఉన్నాడన్నది అతను చెప్పలేదు.

ఆ రోజు సెలవు. కొట్టు లేదు, ఆసుపత్రి డ్యూటీ లేదు. అత్త రిక్షా పిలిచి, “అన్నా, తోడు రా. ఒక చెయ్యి కావాల,” అంది. పండగ పూట చెల్లెలు ఒంటరిగా అంత దూరం పోవడం మా నాయనకు ఇష్టం లేదు. ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరాడు. నేను మారాం చేసి ఎక్కాను.

వాసన వీధిలోనే తెలిసింది. ఆ ఇంటివాళ్ళు తాతను వెనక గదిలో ఉంచి తలుపు దగ్గరగా వేశారు. తాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. మా నాయనను చూసి, “బోంజూర్ ముసియే,” అని చెయ్యి చాచాడు. మా నాయన నమస్కారం పెట్టాడు. ఆ చెయ్యి ముట్టుకోకుండా ఉండడానికి పెట్టిన నమస్కారం అది.

అత్త పాత గుడ్డ విప్పింది. కడగమని చెప్పి పంపిన రోజు నుంచి దాన్ని ఎవరూ విప్పలేదు. పుండులో పురుగులు పడ్డాయి. తెల్లగా, బియ్యపు గింజల్లా, ఒకదాని మీద ఒకటి కదులుతున్నాయి. ఇంతకంటే వివరంగా రాయను. రాయగలను, ఎందుకంటే ఇప్పటికీ కనిపిస్తుంది.

“వీళ్ళంతా మా బంధువులే,” అన్నాడు తాత పురుగులను చూపించి, తలుపు అవతల ఉన్నవాళ్ళకు వినిపించేలాగా. “నా పింఛను ఉన్నన్నాళ్ళు నన్ను వదలరు.”

అత్త టర్పెంటైన్ సీసా, పటకారు, పళ్ళెం బయటికి తీసింది. పళ్ళెం నా చేతికి ఇచ్చింది. మా నాయనతో, “కాలు పట్టుకో అన్నా. మడమ కింద. గట్టిగా,” అంది. ఆయన కదల్లేదు. ఆమె పటకారు పట్టుకుని కూర్చుని ఉంది, అంతే. ఆయన చేతులు చాచి ఆ మడమ పట్టుకున్నాడు. టర్పెంటైన్ ఘాటుకు పైకి వచ్చిన పురుగులు ఒకటి తర్వాత ఒకటి పళ్ళెంలో పడుతున్నాయి. సగంలో మా నాయన బయటికి పరుగెత్తి జీడిచెట్టు కింద వాంతి చేసుకున్నాడు. మూతి కడుక్కుని వచ్చి మళ్ళీ పట్టుకున్నాడు. అప్పుడు కూడా ఆయన ముఖం నిండా అసహ్యమే. తలుపు సందులోంచి ఆ ఇంటి కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. నాకు ఆ పుండును చూస్తే వేసిన అసహ్యం కంటే ఆ కొంగును చూస్తే వేసింది ఎక్కువ. ఆ కొంగు మా ఇంట్లోదే అన్నట్టుగా తోచింది.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో మా నాయన అడిగాడు. “రోజుకి ఎన్ని తూర్లు కట్టాల?”

“ఇప్పుడైతే రెండు తూర్లు.”

“బండి ఉంటే పోగలవా?”

“పోతా.”

ఆయన రిక్షాను కోసపాళయం వైపు తిప్పించాడు.

మెకానిక్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “అన్నా, నేను ముట్టను. నా సామాను ముట్టనియ్యను. తప్పయితాది. కానీ నోరు పూజలో పెట్టలేదు కదా. నేను చెప్తా, నువ్వు చెయ్యి,” అన్నాడు. పక్కనున్న సైకిల్ షాపు భాయిని కేకేసి బోల్టులు బిగించే పానాలు అడిగాడు. భాయి ఒక గోనెసంచి తెచ్చి కింద గుమ్మరించి, “నా సామానుకి లీవు లేదు, తీసుకోండి,” అన్నాడు.

మా నాయన తెల్ల పంచెతో ఆ నల్లటి నేల మీద కూర్చున్నాడు. కిరసనాయిల్లో భాగాలు కడిగాడు. అత్త, నేను సైలెన్సర్ లోపల పేరుకున్న మసి గోకాము. అది తారులా జిగటగా ఉంది, కాలిన ఆముదంలా కంపు కొట్టింది. గోళ్ళలోకి వెళ్ళింది. మెకానిక్ స్టూలు మీద కూర్చుని, చేతులు చంకల్లో పెట్టుకుని, ఒక్కొక్కటే చెప్పాడు. ఇంజన్ కింద తెరిచి ఉన్న నోట్లో గుడ్డ కుక్కు, క్లిప్పు జారి పడిందంటే మొత్తం మళ్ళీ విప్పాల. రింగు చివర్లు ఆ చిన్న పిన్నుకి రెండు పక్కలా కూచోవాల, లేకుంటే రింగు విరుగుతాది. పిస్టన్‌కు నూనె పూయి. ఇంకా పూయి. సిగ్గుపడకు.

మా నాయన పిస్టన్‌ను మొదట తిప్పి పెట్టాడు. మెకానిక్ స్టూలు మీంచి సగం లేచి, చేతులు గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు. “బాణం గుర్తు సైలెన్సర్ పక్క చూడాల అన్నా! నీకు ఇంటికి పోవాలని ఉన్నట్టుండాది, దాన్ని ఇంటి పక్క తిప్పినావు.” భాయి పగలబడి నవ్వాడు. మా నాయన కూడా నవ్వబోయి, చేతులు చూసుకుని మానేశాడు. పిస్టన్ తీసి సరిగా పెట్టాడు. రింగులను వేళ్ళతో నొక్కి పట్టుకుంటే అత్త సిలిండర్‌ను పైనుంచి మెల్లగా దించింది. ఒకసారి పట్టేసింది. “బలం చెయ్యద్దు, బలం చెయ్యద్దు,” అన్నాడు మెకానిక్, గాలిలో తన వేళ్ళు ఆడిస్తూ. రెండోసారి దిగింది.

ఇంజన్‌ను బండిలోకి ఎత్తడానికి మా నాయన దాన్ని ఒడిలో పెట్టుకున్నాడు. పంచె ముందు భాగమంతా నల్లబడింది. అత్త బోల్టులు దూర్చింది, ఆయన బిగించాడు. చివరికి పెట్రోలులో ఆయిల్ ఆయనే కొలిచి కలిపాడు, సీసా మూత చివర వేలాడే చుక్కతో సహా. కొన్నిసార్లు తన్నాక బండి అందుకుంది. పొగ షాపంతా నిండింది. అరిటాకు మీద పూజలో ఉన్న పానాల మీదికి వెళ్ళింది, పూల మీదికి వెళ్ళింది, మా నాయన ముఖం మీదికి వెళ్ళింది. ఆయన ముక్కు మూసుకోలేదు. చేతులు అంత మురికిగా ఉంటే ముక్కు ముట్టుకోలేరు కూడా.

కొత్త పిస్టన్ ఒదిగేదాకా మెల్లగా పోవాలని, తొందరపడితే మళ్ళీ బిగుసుకుంటుందని మెకానిక్ చెప్పాడు. ఆ సాయంత్రం అత్త మెల్లగానే లాస్‌పేట వెళ్ళింది. మర్నాడు రెండుసార్లు వెళ్ళింది. వారం తిరక్కముందే ఆసుపత్రిలో తాత పాదాన్ని చీలమండ పైదాకా తీసేశారు. ఆలస్యమైపోయిందని డాక్టరు అత్తతో అన్నాడట. అత్త ఆ మాట ఇంట్లో ఒకేసారి చెప్పింది, మా నాయన అన్నం తింటున్నప్పుడు. ఆయన తినడం ఆపి, విస్తరి మడిచి లేచాడు. తప్పు నాదని ఆయన ఎప్పుడూ అనలేదు. కానీ అప్పటి నుంచి ప్రతి ఆదివారం అత్త వెంట లాస్‌పేట వెళ్ళి, ఆమె కట్టు కట్టేంతసేపూ తాత మొండికాలు పట్టుకుని కూర్చునేవాడు. తాత పోయేదాకా వెళ్ళాడు. తిరిగి వచ్చి ఎప్పటిలాగే కుళాయి కడిగి స్నానం చేసేవాడు. ఆయనకు అసహ్యం పోయిందని చెబితే అది అబద్ధం. పోలేదు. అసహ్యపడుతూనే పట్టుకున్నాడు. పుస్తకాల్లో మనుషులు ఒక్క రోజులో మారిపోతారు. నేను చూసినది వేరు.

ఆ బండి తర్వాత ఎన్నో చేతులు మారింది. ఈ మధ్య బీచి వైపు ఒక కాఫీ షాపు వాకిట్లో అలాంటిదే ఒకటి చూశాను. ఇంజన్ తీసేసి ఆ ఖాళీలో పూలకుండీ పెట్టారు. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. చాలా శుభ్రంగా ఉంది.

మా అత్త కిందటి నెల పోయింది. చివరి రోజుల్లో వీపంతా పుండ్లు పడ్డాయి. చూడ్డానికి వచ్చిన బంధువులు గేటు దగ్గరే ఆగి, మాస్కులు సరిచేసుకుని, ఎంత సేవ చేసిన మనిషి అని చెప్పుకున్నారు. పోయాక, శవాన్ని శుభ్రం చేసి తయారు చేసేవాళ్ళు ఉన్నారట, నంబరు ఉందని మా తమ్ముడి కొడుకు ఫోను తీశాడు. వద్దన్నాను. తలుపు వేసుకుని నీళ్ళు కాచి నేనే ఆమె ఒళ్ళు కడిగాను. వాసన వచ్చింది. అసహ్యం వేసింది. రెండుసార్లు కిటికీ దాకా వెళ్ళి ఊపిరి పీల్చుకుని వచ్చాను. వీపు కింద చెయ్యి పెట్టి, గట్టిగా పట్టుకుని, పక్కకు తిప్పి కడిగాను.

మా వాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు పోయినవాళ్ళకు ఇంటివాళ్ళు స్నానం చేయించడం లేదు.