కుజగ్రహ సైన్యంలో లేని దళం

ఈ రోజు మార్కాపురంలో సుబ్బయ్య శెట్టి దుకాణం ముందు కూర్చొని, నేను రాస్తున్న కుజగ్రహ యుద్ధం కథ ఆయనకు చదివి వినిపించాను. నా సైన్యంలో పదిమందికో దళం, పది దళాలకో పటాలం. దారి చూసే దళం వేరు, తిండి మోసే దళం వేరు. శెట్టి మెచ్చుకున్నాడు.

ఉప్పు కొనడానికి వచ్చిన కూలి మరియమ్మ కూడా నిలబడి విన్నది. ఆమె కొడుకు బర్మా యుద్ధానికి పోయినాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

"తప్పిపోయినోళ్లను ఎతికే దళం ఏదయ్యా?" అని అడిగింది.

"అది పెట్టలేదు పెద్దమ్మా."

"పెట్టు నాయనా. మావోడు పోయిన దండులో గూడా పెట్టినట్టు లేరు" అని, ఉప్పు కొంగున కట్టుకొని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆ దళం గురించి రాయబోతే, దానికి నాయకుడెవరో తోచలేదు. మీరైతే ఎవరిని పెడతారు? నాకు మాత్రం మరియమ్మే కనిపిస్తోంది.