నాడె చేతిలో పెట్టుకుని

సిరిసిల్లలో పదహారు సాంచెల షెడ్డుకు, అంటే కరెంటు మగ్గాల షెడ్డుకు, నేను సూపర్‌వైజర్ని. సాంచెలు నడుస్తుంటే చెవి దగ్గర నోరుపెట్టి అరిస్తే తప్ప మాట వినపడదు. అదే అలవాటై, ఇంట్లో మంచినీళ్లు అడిగినా మా ఆవిడ ఉలిక్కిపడేది. అరిచేవాడికి వినే ఓపిక ఎక్కడిది? ఎదుటివాళ్ల జవాబు కూడా నేనే చెప్పేసేవాణ్ణి.

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులవి. ఒక బంద్ నాడు సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. కోరుట్ల నుంచి వచ్చి మా దగ్గర నేస్తున్న భాయ్‌ని పిలిచాను. నెల రోజులుగా ఆయన నేసే బట్టలో తెగిన పోగులు తెగినట్టే పోతున్నాయి. ఇక పనిలోంచి తీసేద్దామనే అనుకున్నాను.

"ఎందుకిట్లయితుంది? నిద్రపోతున్నవా? పని మీద మనసు లేదా?" చప్పుడు లేని షెడ్డులో నా అరుపుకు నేనే అదిరిపడ్డాను.

"గట్ల కాదు సార్..."

"మరెట్ల? చెప్పవేంది?"

సాంచెలు బాగుచేసే ముసలి మేస్త్రి లేచొచ్చాడు. పోగు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒకటి, ఖాళీది, నా చేతిలో పెట్టాడు.

"అడిగినంక ఊకోవాలె సారూ. నువ్వే అడిగి నువ్వే జెప్తె గాయనేం జెప్పాలె? గిది సూస్కుంట కూసో. ఆయన జెప్పుడు అయినంకనే కింద పెట్టు."

ఒళ్లు మండింది. అయినా కూర్చున్నాను. నోటిదాకా వచ్చిన తిట్టును మూడుసార్లు మింగాను. బయట ఊరేగింపు నినాదాలు దగ్గరికొచ్చి, దూరమైపోయాయి.

"పొద్దు వాలితె పోగు కనపడ్తలేదు సార్," అన్నాడు భాయ్ చివరికి. "చెప్తె తీసేస్తరని భయమైంది. గీ పని తప్ప నాకేం రాదు."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. బస్సులు తిరగగానే జగిత్యాలలో కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను.

అద్దాలు పెట్టుకుని పనిలోకి వచ్చిన పొద్దున, సాంచెలు ఇంకా నడవకముందే, భాయ్ నాడె పట్టుకుని సాంచె ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు కనపడుతున్నదా భాయ్?"

ఆ రోజు నేను కూర్చుని చూసినట్టే, నాడె వంకే చూస్తున్నాడు. మూలన మేస్త్రి కూడా చేస్తున్న పని ఆపేశాడు. ఆ ఊరుకోవడాన్ని నేను భరించలేకపోయాను.

"తప్పు నాదే భాయ్. నిన్ను ఒక్కసారన్నా చెప్పనియ్యలేదు."

అప్పుడు భాయ్ నవ్వి, నాడెను సాంచెలో పెట్టి, స్విచ్చు వేశాడు.