బిడ్డల కంటే ముందు తిన్న రెడ్డెమ్మ

రెడ్డెమ్మ పోయింది. ఈ రెండు మాటలు కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. పుంగనూరు బస్టాండులో చౌడేపల్లె బస్సు దిగిన ఒకావిడ నన్ను ఆపి, "టీచరమ్మా, మీకు తెలీదా? రెడ్డెమ్మ తెల్లారి లెయ్యలేదంట" అన్నప్పుడు నేను నమ్మలేదు. నమ్మిన తర్వాత ఏడుపుకు ముందు కోపం వచ్చింది. ముందురోజే కదా కుప్పం దాకా పోయి వచ్చింది! ఇంకో ఇరవై రోజుల్లో కోర్టు వాయిదా పెట్టుకుని మనిషి పోవడమేమిటి? బతుకంతా తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. దివంగత, కీర్తిశేషురాలు, పరమపదం వంటి మాటలు నా దగ్గర బుట్టెడున్నాయి. ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు. బస్టాండు బల్ల మీద కూలబడి, వచ్చిన బస్సును వచ్చినట్టే పోనిచ్చాను.

ఆమెను ఎరిగినవారు పుంగనూరు, మదనపల్లె, కుప్పం మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. ఎరగనివారికోసం మొదటినుంచి చెప్తాను. రెడ్డెమ్మది చౌడేపల్లె దగ్గరి ఒక పల్లె. రెండెకరాల మెట్ట, ఒక ఆవు, మాట తక్కువ మొగుడు, లేకలేక పుట్టిన ఒక్క కొడుకు శీనడు. తొంభైల మధ్యలో, వాడికి నాలుగేళ్ళప్పుడు, ఊళ్ళోని బాలవాడిలో వేశారు. అక్కడ పిల్లలకు పగలు ఉప్మా పెట్టేవారు. ఒకనాడు ఆ ఉప్మా తిన్న పిల్లలందరికీ వాంతులయ్యాయి. మిగతావాళ్ళు కోలుకున్నారు. శీనడు మదనపల్లె ఆసుపత్రికి చేరకముందే తల్లి ఒళ్ళో ప్రాణం విడిచాడు.

విషం నూనెలో ఉంది. బాలవాడికి సరుకులు సరఫరా చేసే కంట్రాక్టరు తాలూకు మనుషులు, టమాటా తోటల్లో వాడి పారేసిన పురుగుమందు డబ్బాలు కడిగి, వాటిలో నూనె నింపి పంపారు. ఆ పెద్దమనిషి పేరు కోర్టు కాగితాల్లో ఉంది. ఇక్కడ రాసి ఈ వ్యాసాన్ని మైలపరచను. కడిగిన డబ్బాలేనని ఆయన వాదన. పురుగుమందు డబ్బాను ఏట్లో వేసి కడిగినా అది పురుగుమందు డబ్బాయే అని పొలం మొహం చూసిన ఎవరికైనా తెలుసు.

వండింది బాలవాడి ఆయమ్మ, మునెమ్మ. ఆచారం గట్టిగా పాటించే మనిషి. మా వైపు ఆడవాళ్ళు పొయ్యి మీది వంటను రుచి చూడరు. ఉప్పూ కారం చేతి అంచనాతోనే పడతాయి. దేవుడికి పెట్టకముందు, బిడ్డలకు పెట్టకముందు నాలుక్కి తగిలిస్తే అది ఎంగిలి. పోపు ఘాటులో మునెమ్మకు వాసన తెలియలేదు, రుచి చూడలేదు గనుక చేదూ తెలియలేదు. పసిపిల్లలను దేవుళ్ళలా చూసుకునే ఆ నిష్ఠే ఆ పూట వాళ్ళను కాపాడకుండా చేసింది. నా జన్మలో ఇంతకంటే క్రూరమైన సంగతి నేను వినలేదు.

ఇలాంటప్పుడు ఊరికి ఎవరో ఒకరు దొరకాలి. మునెమ్మ దొరికింది. దిక్కులేని ముసలమ్మ, పైగా గరిటె పట్టిన చెయ్యి. ఆమెను స్టేషనుకు తీసుకుపోయారు. కొడుకును మట్టిచేసి మూడునాళ్ళు కాని రెడ్డెమ్మ పచ్చి కడుపుకోతతో ఆ స్టేషను మెట్లెక్కింది. ఆయమ్మ మొహాన ఉమ్మెయ్యడానికి వచ్చిందనుకున్నారట అందరూ. ఆమె అన్నది ఇది: "ఈయమ్మ సొంత మనవరాలు గూడా ఆ గిన్నెలోదే తినింది, సామీ. ఇసమని తెలిసి మనవరాలికి పెడ్తాదా? ఈయమ్మను పట్టుకోని కూసుంటే నా కొడుకును సంపినోడు తప్పించుకుంటాడు. వాడు యాడుండాడో ఎతకండి."

కడకు మునెమ్మ మీద కేసు నిలవలేదు. అలాగని రెడ్డెమ్మ ఆమెను ఆలింగనం చేసుకుని క్షమించేసిందని రాస్తే అబద్ధమవుతుంది. స్టేషను నుంచి తిరిగి వచ్చే దారిలో ఆమె అన్న ఒకే ఒక్క మాటను మునెమ్మ నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది: "ఒక్క ముద్ద నువ్వు నోట్లో ఏసుకోనుంటే నా కొడుకు బతికేవోడు, అత్తా." అంతే. ఆపైన ఆ సంగతి ఆమె ఎత్తలేదు, ఈమె మరవలేదు. ఇద్దరూ ఆ దారంతా కలిసే నడిచారు. తర్వాత బతుకంతా అలాగే నడిచారు.

కంట్రాక్టరు మీద రెడ్డెమ్మ తానే మదనపల్లె కోర్టులో ఫిర్యాదు వేసింది. ఇక చూడండి, రాయబారాలు మొదలయ్యాయి. ఒకనాడు ఆ పెద్దమనిషే పండ్ల బుట్టతో, నలుగురు ఊరి పెద్దలతో, రెడ్డెమ్మ సొంత అన్నను కూడా వెంటేసుకుని ఇంటికి వచ్చాడు. పోయిన బిడ్డ ఎట్లాగూ రాడు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే నీ మొగుడికి ఉద్యోగం వేయిస్తాను అన్నాడు. రెడ్డెమ్మ వాదించలేదు. లోపలికి పోయి కాఫీ కలిపి తెచ్చింది. అందరి ముందూ ఒక్కొక్క లోటా ఎత్తి, పెదవి ఆనించి ఒక్కొక్క గుక్క తాగి, వాళ్ళ ముందు పెట్టింది. "ఏమీ కాదు, నేను తాగి సూసినాను. తాగండి" అన్నది. ఎవరూ చెయ్యి చాచలేదు. ఎంగిలి కాఫీ ఎవరు తాగుతారు? అప్పుడన్నది: "నా ఎంగిలి మీరు తాగలేరు. మీ పురుగుమందు మాత్రం నా కొడుకు తినాల్నా?" పండ్ల బుట్ట వచ్చినదారినే పోయింది. దానితోపాటు పుట్టింటి రాకపోకలూ పోయాయి. అన్న చచ్చేదాకా చెల్లెలి గడప తొక్కలేదు.

కేసు మన దేశంలో కేసులు నడిచినట్టే నడిచింది. పైకోర్టుకు పోయి ఆగింది, మళ్ళీ కిందికి వచ్చి కదిలింది, మళ్ళీ ఆగింది. మధ్యలో మొగుడు కూడా కన్నుమూశాడు. వాయిదా ఉన్న రోజున రెడ్డెమ్మ తొలి బస్సుకే మదనపల్లెలో దిగేది. కోర్టు తెరిచేదాకా ఊరికే కూర్చోవడం చేతగాక టమాటా మండీలో కాయలు ఏరే కూలికి పోయేది. చేతులు కడుక్కున్నా ఆ పచ్చి వాసన పోయేది కాదు. అలాగే వచ్చి కోర్టు వరండాలో నిలబడేది. ఎదుటి పక్షం వకీలు రాలేదని, సాక్షి రాలేదని, ఎన్నిసార్లు తిప్పి పంపినా ఆమె మొహంలో విసుగు చూడలేదు. ఎట్లా భరిస్తావమ్మా అని నేనొకసారి అడిగితే, "తప్పు సేసినోళ్ళకు ఇసుగు పుట్టాల. నాకు యాల పుట్టాల, టీచరమ్మా?" అని ఎదురడిగింది.

నాకు ఆమెతో పరిచయం గొడవతో మొదలైంది. రెండువేల దశకం మొదట్లో బడుల్లో పిల్లలకు మధ్యాహ్నం వండి పెట్టడం మొదలైన కొత్త. పుంగనూరులో నేను పనిచేసే బడిలో పిల్లలు పళ్ళేలు ముందేసుకుని బంతిలో కూర్చున్నారు. ఎవరో నడివయసు ఆడమనిషి గేటు తోసుకుని వచ్చి, పిల్లల ముందే చతికిలబడి, "ముందర నాకు పెట్టండి" అన్నది. నాకు ఒళ్ళు మండింది. పసిపిల్లల కూడు అడుక్కుంటావా, సిగ్గులేదా అని నోటికొచ్చినట్టు కేకలేశాను. పెట్టేదాకా ఆమె లేవలేదు. సాంబారన్నం రెండు ముద్దలు తిని, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, "బాగుండాది. ఇంక బిడ్డోళ్ళకు పెట్టుకోండి" అని లేచింది. గేటు దగ్గర ఆగి మాత్రం నాకొక మాట వడ్డించి పోయింది: "రేపట్నించి నువ్వు తిను, టీచరమ్మా. నేను దినామూ యాడొస్తాను?"

ఎవరీ మనిషి అని వాకబు చేసి, సంగతి తెలుసుకుని, మరునాడు నేనే పళ్ళెం పట్టుకుని పిల్లలకంటే ముందు కూర్చున్నాను. అది ఎంత కష్టమైన పనో చేసినవారికే తెలుస్తుంది. ముప్ఫై జతల ఆకలి కళ్ళు చూస్తుండగా పెద్ద ముండ ఒకతి ముందుగా తినడం! తల్లి కడపట తినాలి, గిన్నె అడుగున మిగిలింది తినాలి అని కదా మనల్ని పెంచారు. రెడ్డెమ్మ ఆ నీతినే తలకిందులు చేసింది. ఆమె సిద్ధాంతం సూటిది: పెద్ద ఒళ్ళు తట్టుకుంటుంది, పసి ఒళ్ళు తట్టుకోదు, కాబట్టి పెద్దవాళ్ళు ముందు తిని అరగంట ఆగాలి. పుంగనూరు ఉర్దూ బడిలో వంటావిడ ఏ పేచీ లేకుండా బిస్మిల్లా అని ముద్ద నోట్లో పెట్టుకుంది. మిగతా చోట్ల అది యుద్ధమే అయింది.

కుప్పం దగ్గరి ఒక బడికి నేనూ ఆమెతో పోయాను. అక్కడి వంట చేసే ఆడవాళ్ళు సగం అరవం, సగం తెలుగు మాట్లాడేవారు. పిల్లల కంటే ముందు తినమనేసరికి చెవులు మూసుకున్నారు. వాళ్ళలో పెద్దావిడ, "బిడ్డోళ్ళ ఆకలి ముందు తినేదా? పాపం సుట్టుకుంటాదమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనయితే శ్లోకమో సామెతో వెతుక్కునేదాన్ని. రెడ్డెమ్మ ఆవిడ పక్కన కూర్చుని ముద్ద కలిపి చేతిలో పెట్టి, "పాపం నాకు సుట్టుకోనీ. నువ్వు తిను" అన్నది. ఆవిడ తిన్నది. అప్పటినుంచి ఆ బడిలో అదే పద్ధతి.

లోకం ఊరుకుంటుందా? తిండిపోతు రెడ్డెమ్మ అని పేరు పెట్టారు. బడి బడికీ తిరిగి బిడ్డల కూడు మెక్కుతుందని చాటుమాటుగా కాదు, ఆమె మొహానే అన్నారు. నిజానికి ఆమె తిండి పిట్టంత. ఆ రెండు ముద్దలు మింగడానికి ఆమె పడే అవస్థ దగ్గర కూర్చున్న నేను చూశాను. ప్రతి ముద్దకూ శీనడు జ్ఞాపకం వచ్చేదనుకుంటాను, నీళ్ళతో దించుకునేది. మా ఇంటికి వస్తే మాత్రం కాఫీ తప్ప ఏమీ ముట్టేది కాదు.

ఆమెను దేవతను చేయడం నాకిష్టం లేదు. మొండిది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఒక బడిలో కొత్తగా చేరిన చిన్నపిల్లలాంటి పంతులమ్మను నలుగురిలో ఏడిపించింది. అది తప్పని నేనంటే నాతో ఆరునెలలు మాట్లాడలేదు. ఆ ఆరునెలలూ మా బడికి రావడం మాత్రం మానలేదు. వచ్చి, తిని, నా వైపు చూడకుండా పోయేది. కోపం నామీద, పని పిల్లలది. ఈ రెంటినీ కలపకూడదని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడా మనిషి లేదు. అధికారులు వస్తారు, పోతారు. మంచి ఉత్తర్వులు ఉన్నాయి, ఇంకా వస్తాయి. ఎండలో మూడు బస్సులు మారి వచ్చి, తిట్లు తిని, దాని తర్వాత పిల్లల అన్నం తిని చూసే మనిషిని ఏ ఉత్తర్వు పుట్టిస్తుంది? మా బడిలో మొన్న బంతికి ముందు నేను ముద్ద ఎత్తితే, ఆమె పోయిందన్న దుఃఖం అప్పుడు పొంగుకొచ్చింది. ఆ ముద్దను నీళ్ళతో దించుకున్నాను. తెలిసిన మాటలన్నీ గుమ్మరించినా పూడని లోటు ఇది.

దివసాలు ముగిసిన వారానికి మదనపల్లె కోర్టులో వాయిదా వచ్చింది. నేనూ మునెమ్మా పోయాం. బంట్రోతు ఎప్పటిలాగే వరండాలోకి వచ్చి రెడ్డెమ్మా అని మూడుసార్లు పిలిచాడు. మా వకీలు లేచి ఆమె చనిపోయిందని మనవి చేశాడు. వెంటనే కంట్రాక్టరు వకీలు, ఫిర్యాది మరణించింది, మొగుడూ బిడ్డలూ లేరు, నడిపే దిక్కు లేదు గనుక కేసు కొట్టివేయాలని కోరాడు. ఇన్నేళ్ళ పోరాటం ఆ ఒక్క వాక్యంతో ముగిసిపోయేట్టుంది. కేసు నడపడానికి ఆమె తరఫున ఎవరైనా ఉన్నారా అని న్యాయమూర్తి అడిగారు. నేను లేద్దామనుకునేలోగా నా పక్కనుంచి మునెమ్మ లేచింది. ఎనభై దాటిన మనిషి, కోర్టు పేరు చెబితే వణికే మనిషి, కర్ర పట్టుకుని ముందుకు నడిచింది.

చనిపోయినామెకు నువ్వేమవుతావని న్యాయమూర్తి అడిగారు.

"ఏమీ కాను, సామీ. ఆ పొద్దు ఆ బిడ్డకు వడ్డించింది నేనే" అన్నది మునెమ్మ. "యాడికి పిలిస్తే ఆడికొస్తాను. ఎన్నిసార్లయినా వస్తాను."

న్యాయమూర్తి ఆమె పేరు రాసుకోమని, దీనిమీద వాదనలు వింటానని చెప్పి, కేసు కొట్టివేయకుండా వచ్చే నెలకు వాయిదా వేశారు. రెడ్డెమ్మా, ఆ రోజు తొలి బస్సుకే మేమిద్దరం బయల్దేరతాం. నీకు నా నివాళి అదే.