ఫొటోలో కురిడీ

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. అంతవరకూ వేలిముద్రే. అయినా చదివి వినిపించందే ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు.

మా మనవరాలు హైదరాబాద్‌లో పెద్ద ఆడిట్ కంపెనీలో పనిచేస్తుంది. అద్దాల మేడ. కాఫీ ఉచితం, తాగే తీరికే ఇవ్వరు. ఏ గంట ఏ పనికి పోయిందో పనికో కోడ్ వేసి రాసివ్వాలట. "నాతో మాట్లాడిన గంట ఏమని రాస్తావే?" అంటే, "దానికి కోడ్ లేదు మామ్మా" అంది. అరక విప్పాక ఎద్దునైనా ఎటెళ్లావని అడగం మేము.

కిందటేడు మా పక్కూరి కొబ్బరి గోడౌన్‌లో సరుకు చూసి రమ్మని దాన్ని పంపారు. మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వచ్చింది. కంచంలో చెయ్యి పెట్టిందో లేదో, పైఅధికారి ఫోన్. ఎడమచేత్తో స్పీకర్ నొక్కింది.

"అటక మీదివన్నీ కురిడీలేనని రాసెయ్. ఫొటో ఉందిగా."

"నేను అటక ఎక్కలేదు సార్. నిచ్చెన లేదన్నారు."

"ఎక్కక్కర్లేదు. చూశానని సైన్ చెయ్. సాయంత్రానికి రిపోర్ట్ రాకపోతే నీ రేటింగ్ నీ ఇష్టం."

కొబ్బరికాయ అటక మీద నెలల తరబడి ఎండితే కురిడీ అవుతుంది. ధర ఎక్కువ. ఊపితే లోపలి గుండు లొడలొడమంటుంది. నీళ్లు కదిలాయా, ఇంకా కాలేదన్నమాట. చూపుకి రెండూ ఒకటే.

ఉండబట్టలేక ఫోన్ మీదికి వంగాను.

"బాబూ, ఫొటోని ఊపితే చప్పుడొస్తాదాండీ?"

"ఎవరు?"

"దాని మామ్మనండి. తమరొచ్చి ఎక్కండి, నిచ్చెన మేం ఇత్తాం."

పెట్టేశాడు.

"మామ్మా! నా ఉద్యోగం ఊడగొడతావా?" అంది మనవరాలు.

"ఊడితే ఊడింది. సంతకం నీదా, ఆయనదా?"

అది లేచి చెయ్యి కడుక్కుంది. సగం అన్నం వదిలేసి, మా నిచ్చెన ఆటో మీద కట్టించుకుని గోడౌన్‌కి వెళ్లింది. ఎక్కి ఊపితే ప్రతి రెండో కాయలోనూ నీళ్లేనట. అలాగే రాసి సంతకం పెట్టింది. రిపోర్ట్ మర్నాటికి గానీ వెళ్లలేదు.

ఆ ఏడు దానికి ప్రమోషన్ రాలేదు. పనికి ఎక్కువ సమయం తీసుకుంటోందని రాశారు. దొరికిన పచ్చికాయల గురించి ఒక్క ముక్క లేదు. దాని తర్వాత చేరిన కుర్రాడు ఏ అటకా ఎక్కకుండానే దానికి పైవాడయ్యాడు.

"ఇప్పుడు వాణ్ణి సార్ అనాలి మామ్మా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.