రెండో తొట్టిలో పెరుగు

రాజేంద్రప్రసాద్ సారుకు ఉన్నది ఒకటే జబ్బు. కంటితో చూసిన ప్రతిదాన్నీ గంటా నిమిషాలతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి, ఎవరడిగినా పైకి చదివి వినిపించాలి. సిద్దిపేటలో ఓ కాలేజీలో జువాలజీ చెబుతాడు. మొన్నటి మీటింగు ఎట్లా జరిగిందని ప్రిన్సిపాల్ మాటవరసకు అడిగితే పుస్తకం తెరిచాడు. "పదకొండు ఇరవైకి మీరు నిద్రవోయిన్రు సార్. పదకొండు నలభైకి లేచి, నేను గూడ గదే అంటున్న అన్నరు." తరవాత ఆయన్ని ఎవరూ ఏ మీటింగుకూ పిలవలేదు. అది కూడా రాసుకున్నాడు.

ఇలాంటి మనిషిని చూసి జాలిపడాలి. పక్క గదిలో బాటనీ చెప్పే దుబ్బయ్య సారుకు మాత్రం కడుపుమంట.

కారణం పగడాలు. సముద్రమన్నది కనుచూపు మేరలో లేని ఊళ్లో, ప్రసాద్ సారు రెండు గాజుతొట్లలో ఉప్పునీళ్లు పోసి బతికున్న పగడాలు పెంచుతున్నాడు. అప్పటిదాకా పగడమంటే ఉంగరంలో రాయేననుకున్న జనం, దానికీ ప్రాణముంటుందని విని కాలేజీకి వరసకట్టారు. సముద్రం వేడెక్కితే పగడాలు తెల్లబడి చస్తాయట. ఆరోగ్యంగా ఉన్న పగడం ఒంటిమీది మంచి బ్యాక్టీరియాను తీసి, పెంచి, మళ్లీ పగడాలకే ఇస్తే వేడికి ఓర్చుకుంటాయట. అది తేల్చడానికి మొదటి తొట్టికి బ్యాక్టీరియా, రెండోదానికి ఉత్త ఉప్పునీళ్లు. వేడి మాత్రం రెండింటికీ సమానం.

దుబ్బయ్య ఇరవై ఏళ్లుగా చెబుతున్నదీ మంచి బ్యాక్టీరియా గురించే. కందివేర్ల మీది బుడిపెల్లో ఉండి మొక్కను సాకుతుంది. ఆ బుడిపెలను చూడటానికి ఇంతవరకూ ఒక్క మనిషి రాలేదు. చివరికి ఇంట్లో భార్య సంగీత కూడా పగడాలు చూపించమంది.

"నా కందివేర్లు సూపియ్యమని ఎన్నడన్న అడిగినవా?"

"కంది రోజూ పప్పుల సూస్తనే ఉన్న గద."

ఆ పూట ఆయన అన్నం దగ్గర సగంలో లేచాడు.

శుక్రవారం హైదరాబాదు నుంచి ప్రయోగాలు పరిశీలించే మేడం ఒకామె రాబోతోంది. కాలేజీ నుంచి రాష్ట్ర సైన్సు ప్రదర్శనకు ఒక్క ప్రయోగాన్నే ఎంపిక చేస్తుంది. దాని బోర్డు మీద, ఏ మూలనైనా సరే, దుబ్బయ్యకు తన పేరు కావాలి.

బుధవారం ప్రసాద్ సారు అన్నానికి వెళ్లినప్పుడు, దుబ్బయ్య టిఫిన్ డబ్బాతో ల్యాబులోకి దూరాడు. రెండో తొట్టి ముందు నిలబడ్డాడు. పక్కదానికి అన్ని సేవలూ, దీనికి ఉత్త నీళ్లూ. వేడికి తెల్లబడుతున్నా ఎవరికీ పట్టని ఆ పగడంలో ఆయనకు తన మొహమే కనిపించింది. మంచి బ్యాక్టీరియాదేముంది, పెరుగునిండా అవేగా! ఇది కోలుకుంటే 'దుబ్బయ్య పద్ధతి' అని బోర్డుకెక్కుతుంది. డబ్బాలో పెరుగు చెంచాతో తీసి పోశాడు. చాలదేమోనని ఇంకొంచెం పోశాడు.

పొద్దున చూస్తే తొట్టినిండా మజ్జిగ. పగడం జిగురుకారి చచ్చిపోయింది. మొదటి తొట్టిలోది నవనవలాడుతూనే ఉంది గాని, ప్రసాద్ సారు తల అడ్డంగా ఊపాడు. పక్కన రెండోది లేకపోతే, ఇది బ్యాక్టీరియాతో బతికిందో దానంతటది బతికిందో ఎట్లా తెలుస్తుందన్నాడు. తరవాత కూర్చుని చాలాసేపు రాశాడు.

దుబ్బయ్యకు ఆ రాత్రి కునుకు లేదు. అసూయపడటానికి కూడా తీరిక లేనంత భయం. ఆ మనిషి చదవక మానడు.

శుక్రవారం మేడం రానే వచ్చింది, పగడాల ప్రయోగం ఏమైందని అడగనే అడిగింది. ప్రసాద్ సారు పుస్తకం తెరిచాడు. "బుధవారం ఒంటిగంటా ఐదు. తొట్టికి మూత పెట్టకుండా భోజనానికి వెళ్లాను. గురువారం తొమ్మిది. నీళ్లలో పెరుగు. ప్రయోగం చెడింది. తప్పు నాది."

"ఎవరు పోశారు?"

"పోస్తుంటె నేను సూడలేదు మేడం."

అయితే ఈ కాలేజీ నుంచి ఏమీ లేనట్టేనా అని మేడం పెన్ను మూయబోయింది. ప్రసాద్ సారు గబగబా మొదటి పేజీకి వెళ్లాడు. "నిరుడు ఆగస్టు పద్నాలుగు, పదిన్నర. పక్క గదిలో దుబ్బయ్య సారు కందివేర్ల పాఠం. కిటికీ దగ్గర నిలబడి మొత్తం విన్నాను. ఇది పగడాలతో కూడా చేసి చూడాలి." పుస్తకం మూసి, "అసలుది ఆడున్నది మేడం. సూద్దురు రాండ్రి" అన్నాడు.

మేడం కందివేర్ల ముందు నలభై నిమిషాలు కూర్చుంది. లేచేటప్పుడు దుబ్బయ్య పేరు రాసుకుంది.

ఆమె కారెక్కాక, దుబ్బయ్య వరండాలో ప్రసాద్ సారును ఆపి, నేల చూస్తూ అన్నాడు. "అన్నా, గా పెరుగు పోసింది నేనే."

"ఎరికే. నీళ్లల్ల ఉల్లిగడ్డ ముక్కలు తేలినయి. మన స్టాఫ్‌రూంల పెరుగుల ఉల్లిగడ్డ ఏసుకునేది నువ్వొక్కనివే."

"మరి గది రాయలేదా?"

"రాసిన. సదువలేదు."

దుబ్బయ్య తల ఎత్తాడు. ప్రసాద్ సారు అప్పటికే నోటుబుక్కు తీసి, పెన్ను మూత నోట్లో పెట్టుకున్నాడు.

"ఇగ జెప్పు, ఎన్ని చెంచాలు?"

'రెండు' అనబోయి దుబ్బయ్య, "నాలుగున్నర" అన్నాడు.